సుగ్గికొచ్చిన పిల్లల కేంద్రం: మా అన్న పిల్లల్ని పంపాక నేను చూసినవి

గుంటూరు నుంచి ప్రత్తిపాడు వైపు పోయే దారిలో ఒక పాత పొగాకు గోడౌను ఉంది. మిరపకోతకు వచ్చే కూలీల పిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రం అందులోనే నడుస్తోంది. బోర్డు లేదు. కొందరు స్నేహితులు కలిసి రైతుల దగ్గర, మిర్చి యార్డులో కమిషన్ కొట్లవాళ్ల దగ్గర చందాలు తెచ్చి నడుపుతున్నారు. పేరు రాయొద్దని వాళ్లే అన్నారు, అందుకని రాయడం లేదు. దాని గురించి ఫోన్లో తిరుగుతున్నవన్నీ ఫొటోలే. బిస్కెట్లు పంచుతూ ఒకటి, జెండా కింద నిలబెట్టి ఒకటి. ఈ సీజనంతా మా అన్న పిల్లల్లో పెద్దవాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. సాయంత్రాలు తీసుకురావడానికి వెళ్లి, గేటు దగ్గర నిలబడటం ఇష్టం లేక లోపలే కూర్చుని చూశాను కాబట్టి నాలుగు మాటలు రాయగలను.

నేను గుంటూరు కొరిటెపాడులో జాకెట్లు కుడతాను. పుట్టిల్లు కర్నూలు వైపు, కోసిగి దగ్గర. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వానాధారం పంట చేతికొచ్చాక మళ్లీ తొలకరి దాకా పని ఉండదు. దీపావళి దాటాక పత్తి తీతకు, సంక్రాంతి తర్వాత మిరపకోతకు కుటుంబాలకు కుటుంబాలే తుఫాన్ బండ్లలో, లారీల్లో గుంటూరు, పల్నాడు చేలకు కదిలొస్తాయి. దాన్నే మేం సుగ్గికి పోవడం అంటాం. చిన్నప్పుడు నేనూ అలా వచ్చినదాన్నే. చేను గట్టున చీర ఉయ్యాల, పక్క కల్లంలో ఎండుతున్న కాయల ఘాటు, రోజంతా తుమ్ములు. ఆ రోజుల్లో పిల్లలకంటూ ఎవరూ ఏమీ పెట్టలేదు. అందుకని ఈ కేంద్రాన్ని మెచ్చుకోవాలనే మనసుతోనే వెళ్లాను. మెచ్చుకుంటాను కూడా. కానీ మెచ్చుకోలుతో ఆపితే వాళ్లకే నష్టం.

ముందు కావాల్సిన వివరాలు. మూడేళ్లు నిండిన పిల్లల నుంచి తీసుకుంటారు. డబ్బు కట్టక్కర్లేదు. పొద్దున ఏడున్నరకు గుడిసెల దగ్గరికి ఆటో వస్తుంది, సాయంత్రం అయిదున్నరకు దింపుతుంది. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, వారంలో రెండు రోజులు గుడ్డు. వంట చేసే పిన్నిగారికి చెయ్యి మంచిది, కారం మాత్రం గుంటూరు లెక్కలో వేస్తుంది. మా చిన్నోడు మొదటి వారం మజ్జిగన్నంతో గడిపాడు. మరుగుదొడ్లు రెండు, ఒకదానికి గడియ పట్టదు. ఆడపిల్లలు ఒకరికొకరు కాపలా ఉంటున్నారు. ఒక గడియకు ఎంతవుతుంది? పైకప్పు రేకులది. మార్చి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు తర్వాత ఎవరికీ పాఠం ఎక్కదు, అది వాళ్లకూ తెలుసు, ఆ వేళ కథలు చెబుతారు.

ఇప్పుడు అసలు విషయం. చేర్చుకునే రోజు అక్కడ అడిగే ప్రశ్న నాకు బాగా నచ్చింది. ఏ బడికి తీసుకెళ్లినా మొదట ఎక్కాలు వచ్చా, ఇంగ్లీషు చదవడం వచ్చా అంటారు. రావని తేలగానే పిల్లని వెనక బెంచీకి పంపుతారు. ఇక్కడ టీచరమ్మ ఒక అట్టముక్క తీసి, "నీకు ఏమేం వచ్చో చెప్పు తల్లీ, రాసుకుందాం" అంది. మా అన్న కూతురు, ఆరో తరగతి పిల్ల, చాలాసేపు "ఏమీ రాదు" అనే అంది. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. కన్నడం మాట్లాడుతుంది, మావి సరిహద్దు ఊళ్లు కదా, బజారులో అదే సగం. అన్నం వార్చుతుంది. గోతం ఎత్తి చూసి బరువు ఇంచుమించుగా చెబుతుంది. అన్నిటికంటే, కోత లెక్క రాస్తుంది. ఇంట్లో ఎవరు ఏ రోజు ఎన్ని కిలోలు కోశారో రాసుకుని, కూలి డబ్బులిచ్చే రోజు మేస్త్రీ పుస్తకంతో సరిచూసేది మా వదినా కాదు, మా అన్నా కాదు, ఆ పిల్లే. ఒకసారి తేడా పట్టుకుంది కూడా. మేస్త్రీ నవ్వి దిద్దాడట, లోపల ఏమనుకున్నాడో మరి.

టీచరమ్మ ఆ చీటీల్నే లెక్కల పాఠానికి తెచ్చింది. 17 కిలోల 400 గ్రాములను దశాంశంలో ఎలా రాస్తారు, కిలో ధరతో ఎలా హెచ్చవేస్తారు, అదీ పాఠం. ఊళ్లో దశాంశాలంటే ఏడ్చిన పిల్ల ఇక్కడ తోటివాళ్లకు చెప్పింది. చిన్నోడు రెండో తరగతి. వాడి అట్టముక్క మీద "ఒకసారి చూసిన దారి మర్చిపోడు" అని రాశారు. నిజమే, ఆటో డ్రైవరు మారినప్పుడు ఏ చేను దాటి ఏ బోరు దగ్గర తిరగాలో చూపించింది వాడే. ఊళ్లో బడిలో వాణ్ని మొద్దోడు అంటారు. ఏడాదిలో సగం ఒక చోట, సగం ఇంకో చోట పెరిగిన పిల్లాడికి దారులు గుర్తుండటం తెలివి కాకపోతే ఇంకేమిటి?

వారానికి రెండు రోజులు ఒక కౌన్సెలర్ మేడమ్ వస్తుంది. సైకాలజీలో పీజీ చేసిందట. ఓపికగా మాట్లాడే మనిషి, నా ప్రశ్నలకు విసుక్కోలేదు. ఆవిడే ఒక సంగతి చెప్పింది. హవాయిలో కవాయి అనే దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే సైకాలజిస్టు, ఆవిడతో పనిచేసినవాళ్లు దశాబ్దాల పాటు గమనించారు. చెరకు తోటల్లో పనికి వేరే దేశాల నుంచి వచ్చిన కూలీల వంశాలవాళ్లు ఆ దీవిలో ఎక్కువ. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బులు, ఇలా కష్టాలన్నీ ఒకేచోట పోగైన పిల్లల్లో మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారట. అలాంటివాళ్లలో తరచు కనిపించినవి రెండు. ఒకటి, ఆ పిల్లని పట్టించుకునే పెద్దమనిషి ఒక్కరైనా ఉండటం. అమ్మానాన్నలే కానక్కర్లేదు, అవ్వో టీచరో ఎవరైనా చాలు. రెండు, ఇంట్లో ఆ పిల్ల చేస్తే తప్ప జరగని పని ఏదో ఒకటి ఉండటం.

మొదటిది ఈ కేంద్రంలో ఉంది, ఆ టీచరమ్మే. పేరుపేరునా పిలుస్తుంది, ఎవరు నిన్న రాలేదో చూడకుండా చెబుతుంది. రెండోదాని దగ్గరే నాకు పేచీ వచ్చింది.

జనవరి 26న పిల్లలకు ప్రైజులు ఇచ్చారు. మా పిల్లకు "బాధ్యత" అని రాసిన స్టీలు గిన్నె వచ్చింది. ఎందుకంటే ఏడాదిన్నర చెల్లెల్ని చంకనేసుకుని చూసుకుంటుందట. చప్పట్లు కొట్టారు, వదిన కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ చంటిది ఈ కేంద్రంలోకి రాకూడదు, మూడేళ్లు నిండలేదు కాబట్టి. వదిన కోతలో ఉంటే చంటిదాన్ని ఎవరు చూస్తారు? అందుకే కోత ముమ్మరంగా ఉన్న రోజుల్లో పెద్దదాన్ని గట్టు మీదే కూర్చోబెడుతున్నారు. హాజరు పుస్తకం చూడండి, పదేళ్లు దాటిన ఆడపిల్లల పేర్ల ఎదురుగానే గైర్హాజరు ఎక్కువ. మగపిల్లల పేర్ల దగ్గర అంత లేదు. పిల్ల ఓర్పుకు గిన్నె ఇచ్చే ముందు, ఆ ఓర్పు ఎందుకు అవసరమైందో చూడాలి కదా. ఒక ఆయాను పెట్టి, నాలుగు ఉయ్యాలలు కడితే ఆ ఆడపిల్లలంతా రోజూ వస్తారు. ఈ మాట నిర్వాహకుల్లో ఒకాయనతో అన్నాను. "నిజమేనమ్మా, చంటిపిల్లల బాధ్యత అంటే భయం, ఏదైనా జరిగితే మేం జవాబు చెప్పుకోవాలి" అన్నాడు. ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ అదే చంటిదాన్ని పదకొండేళ్ల పిల్ల చేతిలో పెట్టినప్పుడు ఎవరికీ భయం వేయడం లేదు.

ఇక మేడమ్ పూర్తి చేయించే కాగితం. దాన్ని ఎస్.డి.క్యూ. అంటారు, పిల్లల మంచి గుణాలు, ఇబ్బందులు తెలుసుకునే ప్రశ్నల కాగితం. రాబర్ట్ గుడ్‌మన్ అనే బ్రిటన్ పిల్లల మానసిక వైద్యుడు 1997లో తయారు చేశాడు. మొత్తం 25 వాక్యాలు. భయాలు, దిగులు ఒక అయిదు, మాట వినకపోవడం, అల్లరి ఒక అయిదు, కుదురు లేకపోవడం ఒక అయిదు, తోటి పిల్లలతో ఇబ్బందులు ఒక అయిదు, మిగతా అయిదు ఇతరులకు సాయపడే గుణం గురించి. ఒక్కోదానికి నిజం కాదు, కొంత నిజం, పూర్తిగా నిజం అని మూడు గడులు. ఇబ్బందుల గురించిన ఇరవైకి మార్కులు కూడితే 40కి ఇంత అని ఇబ్బందుల లెక్క వస్తుంది. సాయపడే గుణం మార్కులు అందులో కలవవు, విడిగా ఉంటాయి. అది బాగుంది. మంచితనం ఎక్కువుందని కష్టం తగ్గించి చూపకూడదు, కష్టం ఉందని మంచితనం చెరిపేయకూడదు.

మా చిన్నోడికి టీచరమ్మతో ఒకటి, వదినతో ఒకటి నింపించారు. మేడమ్ ఇంగ్లీషు కాగితం చూస్తూ తెలుగులో చెబుతుంటే వాళ్లు జవాబు చెప్పారు. రెండూ పక్కపక్కన పెడితే ఇద్దరు వేరు వేరు పిల్లల గురించి రాసినట్టున్నాయి. టీచరమ్మ కాగితంలో వాడు ఒంటరిగా ఆడుకుంటాడు, స్నేహితుడు లేడు. వదిన కాగితంలో వాడికి ఊరి నిండా స్నేహితులే. ఎందుకొచ్చింది తేడా? ఆ కాగితం అడిగేది గడిచిన ఆరు నెలల గురించి. ఆరు నెలల కింద వాడు కోసిగి పక్కన ఉన్నాడు, వాడి దోస్తులు అక్కడున్నారు. టీచరమ్మ చూసింది సంక్రాంతి తర్వాత మాత్రమే. ఆరు నెలలు ఒకే చోట ఉండని పిల్లల గురించి ఆరు నెలల ప్రశ్న అడిగితే జవాబు ఇలాగే ఉంటుంది. మేడమ్ దగ్గర ఈ మాట ఎత్తితే ఆవిడ కాదనలేదు. ఇది తొలి చూపుకు మాత్రమే పనికొచ్చే కాగితం, దీంతో జబ్బు నిర్ధారించరు, అంది. మరి అలాంటప్పుడు వాడి ఫైలు మీద "సామాజిక సర్దుబాటు తక్కువ" అని ఎర్ర సిరాతో ఎందుకు రాశారో! ఆ ఫైలు వచ్చే ఏడాది ఇంకో టీచరు తెరుస్తుంది, మొదట కనబడేది ఆ ఎర్ర గీతే.

ఇటుక బట్టీల నుంచి వచ్చే ఒరియా పిల్లల సంగతి ఇంకా అన్యాయం. కొద్దిమందే ఉన్నారు, బలంగీర్ వైపు నుంచి వచ్చినవాళ్లట. వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు. వాళ్ల ఫైళ్ల మీద "బిడియం" అని ఉంది. నన్ను తీసుకెళ్లి ఒరియా ఊళ్లో కూర్చోబెడితే నా ఫైలు మీదా అదే రాస్తారు.

సర్దుకోవడం గురించే ఇంకో మాట. అక్కడ పనిచేసే ఒక సహాయకురాలికి పిల్లల మాట దిద్దే అలవాటు. మా వైపు యాస వినగానే "ఇక్కడ అలా అనకూడదు" అంటుంది. చెడ్డ మనిషి కాదు, బయట ఎవరూ ఎగతాళి చేయకూడదని ఆవిడ తాపత్రయం. మా పెద్దది నెల తిరిగేసరికి నాతో కూడా గుంటూరు యాసలోనే మాట్లాడటం మొదలుపెట్టింది. జొన్నరొట్టె తెచ్చుకోవడం మానేసింది, అన్నమే కావాలంటుంది. పైకి చూస్తే బాగా కలిసిపోయిందని అందరికీ సంతోషం. మేడమ్ మాత్రం సంతోషించలేదు, అందుకే ఆవిడంటే నాకు గౌరవం. జాన్ బెర్రీ అనే సైకాలజిస్టు, ఇంకొందరు కలిసి 13 దేశాల్లో వలస కుటుంబాల పిల్లల్ని, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లని పరిశీలించి 2006లో ప్రచురించిన ఫలితాల్ని ఆవిడ చెప్పింది. తమ ఇంటి పద్ధతినీ కొత్త చోటి పద్ధతినీ రెండింటినీ ఉంచుకున్న పిల్లలే మనసుకూ, చదువుకూ, నడవడికకూ అన్నిట్లోనూ మెరుగ్గా ఉన్నారట. అది దేశాలు మారినవాళ్ల సంగతి. మాది ఒకే రాష్ట్రం, ఒకే భాష. అయినా రొట్టె డబ్బా మూత తీయడానికి పిల్ల సిగ్గుపడుతోందంటే దూరం తక్కువేమీ కాదు. మేడమ్ చెప్పాక శనివారాలు ఎవరింటి వంట వాళ్లు తెచ్చుకుని పంచుకునే ఏర్పాటు చేశారు. ఉగ్గాని చేసి పంపించాను. గిన్నె ఖాళీగా వచ్చింది.

ఇన్ని రాశాక ఈ కేంద్రంలో నాకు అన్నిటికన్నా నచ్చనిది చెబుతాను. గేటు.

గోడౌను ముందు భాగంలో నీళ్ల ప్లాంటు ఉంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఊరి పిల్లలు సైకిళ్ల మీద క్యాన్లు పెట్టుకుని వస్తారు. వరుస పెద్దదైతే అక్కడే ఆటలు. మా పెద్దది గచ్చకాయల్లో దిట్ట. ఒకరోజు గేటు పక్క అరుగు మీద ఆడుతుంటే ఊరి ఆడపిల్లలు ముగ్గురు వచ్చి చూశారు, మర్నాడు తమ గచ్చకాయలు తెచ్చుకున్నారు. చిన్నోడు క్యాన్ల మూతలతో ఏదో ఆట కనిపెట్టాడు, దానికి నీళ్ల కోసం వచ్చిన మగపిల్లలు బానిసలైపోయారు. టీచరమ్మ కాగితంలో స్నేహితుడు లేని పిల్లాడు వీడే. లోపల వారానికోసారి "స్నేహ వలయం" అని ఒక క్లాసు ఉంటుంది. గుండ్రంగా కూర్చోబెట్టి కొత్త స్నేహితులతో ఎలా మాట్లాడాలో నేర్పుతారు. ఆ వలయంలో ఉన్నవాళ్లంతా సుగ్గి పిల్లలే. ఒకే గుడిసెల నుంచి ఒకే ఆటోలో వచ్చినవాళ్లకు పరస్పరం పరిచయం చేసుకోవడం నేర్పడం ఏమిటో నాకైతే అర్థం కాలేదు. స్నేహం బయట నీళ్ల వరుసలో జరుగుతోంది.

ఫిబ్రవరి చివర్లో ఎవరో గోల ఎక్కువైందని చెప్పారు. ఒక క్యాను కూడా పగిలిందట. అంతే, నాలుగున్నర నుంచి గేటుకు తాళం వేయడం మొదలైంది. ఊరి పిల్లలు అటు, మా పిల్లలు ఇటు, ఊచల సందుల్లోంచి గచ్చకాయలు చేతులు మారుతున్నాయి. కలిసిపోవడం నేర్పడానికి పెట్టిన కేంద్రమే, కలిసిపోతుంటే తాళం వేసింది. సర్దుకోవడమనేది బయటి నుంచి వచ్చినవాళ్లే నేర్చుకోవాల్సిన విద్య అనుకోవడం దగ్గరే వీళ్ల ఆలోచన ఆగిపోయింది. ఊరి పిల్లలకూ కొంత నేర్పాలి. అసలు నేర్పక్కర్లేదు, ఒక గంట గేటు తీసి ఉంచి, ఒక పెద్దమనిషి అక్కడ కూర్చుంటే చాలు. ఆ కూర్చునే పని శనివారాలు నేను చేస్తానని చెప్పాను. ఆలోచిస్తామన్నారు. నేను ఇది రాసేనాటికి తాళం అలాగే ఉంది.

బడి సంగతిలో మాత్రం వీళ్ల పని గట్టిది, పొగడాలి. మా పెద్దదాన్ని దగ్గర్లోని ఒక బడిలో చేర్చాలని వెళ్తే, ఊరి నుంచి టీసీ తెస్తేనే అన్నారు. కేంద్రం నుంచి వచ్చిన అబ్బాయి గొడవ పెట్టుకోలేదు. విద్యా హక్కు చట్టం 2009, అయిదో సెక్షన్ ఉన్న కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. టీసీ ఆలస్యమైందనే కారణంతో చేర్చుకోవడం ఆపకూడదని అందులో ఉంది. నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడితే విడిగా శిక్షణ ఇవ్వాలి. అరగంటలో పని అయింది. ఇప్పుడు చేరిన పిల్లలు పగలు బడికి వెళ్లి, మూడున్నర తర్వాత కేంద్రానికి వస్తారు. వెళ్లిపోయేటప్పుడు ఎన్ని రోజులు వచ్చారు, ఏం చదివారు అని రాసిన కాగితం చేతికిస్తారు, ఊళ్లో బడిలో చూపించడానికి.

పిల్లల్ని ఊళ్లోనే వదిలి రావచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. కర్నూలు వైపు సుగ్గి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడుతుంటారు, తెలుసు. చదువు తెగిపోకుండా ఉండాలంటే అదే మేలు, నేనూ ఒప్పుకుంటాను. మగపిల్లాడి విషయంలో అన్న సరేనన్నాడు కూడా. ఆడపిల్లని వదలడానికి వదిన ఒప్పుకోలేదు. అవ్వ ఉన్న ఇళ్లలో వదులుతున్నారు, మా అన్న ఇంట్లో ఇప్పుడు అవ్వ లేదు. కాబట్టి ఇలాంటి కేంద్రాలు కావాలి, కొన్నేళ్ల పాటు కావాలి.

అయిదు చుక్కలకు నాలుగు ఇస్తాను. రెండు టీచరమ్మకూ అట్టముక్కకూ, ఒకటి బడిలో చేర్పించినందుకు, ఒకటి మేడమ్ నిజాయితీకి.

చేర్పించాలనుకునే వాళ్లకు, లేదా తమ చేలో పనికి వచ్చినవాళ్లకు చెప్పాలనుకునే రైతులకు: ఆధార్ జిరాక్సు అడుగుతారు, లేకపోయినా తీసుకుంటారు. పిల్లలకు ఒక కంచం, తువ్వాలు పంపండి. పత్తి తీతకు వచ్చినప్పుడే, నవంబర్లోనే చేర్చండి. సంక్రాంతి తర్వాత ఆటోలో చోటు దొరకడం కష్టం. ఉగాదికి ఊరెళ్లి మళ్లీ వచ్చేవాళ్లు వెళ్లేముందు టీచరమ్మకు చెప్పి వెళ్లాలి, లేకపోతే పేరు కొట్టేస్తారు. ఒరియా మాట్లాడగలిగిన వాళ్లు గుంటూరులో ఎవరైనా ఉంటే వారానికి ఒక పూట వెళ్లండి, జీతం ఇవ్వలేరు కానీ ఆటో ఖర్చు ఇస్తామన్నారు. మాట్లాడటానికి వెళ్లేవాళ్లు పన్నెండున్నర, ఒకటిన్నర మధ్య వెళ్లొద్దు, అప్పుడందరూ వడ్డనలో ఉంటారు.